కుళాయి తిప్పితే నీరు రాని రోజు

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. ముందురోజు రాత్రి వరకూ అక్కడ ఏసీ గదులు, నిండిన ఫ్రిజ్‌లు, బ్యాంకులో దీనార్లు. ఆ దీనార్‌ను ఇరాక్ మొదట తన దీనార్‌తో సమానమని ప్రకటించింది, ఆపై రద్దే చేసింది. ఏళ్ల తరబడి ఎండలో చెమటోడ్చి దాచుకున్న నోట్లు చేతిలోనే విలువ కోల్పోయాయి. సుమారు 1,70,000 మంది భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశం చేరారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. చాలామందికి చేతిలో మిగిలింది ఒక సంచి.

అది యుద్ధం, మనకేమిటి అనుకుంటాం. కానీ కువైట్‌లో తాగే నీరు సముద్రపు నీటిని శుద్ధిచేసే కర్మాగారాల నుంచి వస్తుంది. కరెంటు ఆగితే కుళాయి ఆగుతుంది. మన హైదరాబాదు సంగతి మాత్రం ఏమిటి? నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీటిని, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీటిని వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోడి తెచ్చుకుంటున్నాం. పొయ్యి మీది గ్యాసులో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చేదే. అందులో అధికభాగం ఏళ్లుగా గల్ఫ్ నుంచి హోర్ముజ్ జలసంధి దాటి వస్తున్నదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించిన పూట కిరాణా కొట్ల ముందు బారులు తీరినవాళ్లం మనమే కదా!

ఇంత సున్నితమైన దారం మీద వేలాడుతూ మనం చేస్తున్నదేమిటి? దుబాయి నుంచి కొడుకు పంపే డబ్బు రాకముందే దాన్ని కిస్తులకు రాసిచ్చేస్తున్నాం. పెళ్లికి అప్పు, వలీమాకు అప్పు, ఫోనుకూ అప్పే! ఒక్క జీతం ఆగితే మూడో నెలకల్లా వీధిన పడే ఇంటిని సుఖమైన ఇల్లు అనగలమా?

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజుకిచ్చిన సలహా మనందరికీ తెలుసు. తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం మినహా మిగిలినదాన్ని కంకుల్లోనే ఉంచమన్నారు. కంకిలోని గింజ చాలాకాలం నిలుస్తుందని మన రైతులకూ తెలుసు. ఆయన ఆ మాట చెప్పింది కరువు వచ్చాక కాదు, పంటలు పండబోయే ఏడేళ్లకు ముందే.

కనుక భయపడి బియ్యం మూటలు దాచుకొమ్మని మేము అనడం లేదు. అలా చేస్తే ధర పెరిగి నష్టపోయేది పక్కింటి పేదవాడే. కొత్త కిస్తు కట్టబోయే ముందు పాత అప్పు తీర్చండి. మొహల్లా బైతుల్‌మాల్‌లో కష్టకాలానికి నాలుగు డబ్బులు ఉండేలా చూడండి. మరొకటి, పాత మసీదుల్లో వజూ కోసం తవ్విన బావులు చాలాచోట్ల చెత్తతో పూడిపోయాయి, కొన్నింటిపై దుకాణాలే వెలిశాయి. పూడిక తీయించడానికి ఎంత ఖర్చవుతుందో ఈ జుమా నమాజు తర్వాత మీ మసీదు కమిటీ వారిని ఒకసారి అడగండి.