పడక చేరని చింత

నిద్ర పట్టనివారితో “చింత మానుడు” అని చెప్పుట సులభము. ఆ మాటవలన ఎవరికైనను నిద్ర పట్టినట్లు నేనెరుగను. చింతతో పడకపై పెనగులాడుటకంటె, ముందుగనే దానిని కాగితమున కప్పగించుట మేలని నా అభిప్రాయము. అమెరికాలో యువజనులపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, చేయవలసిన పనులను నిద్రకు ముందు 5 నిమిషములు వ్రాసినవారు, చేసిన పనులను వ్రాసినవారికంటె త్వరగా నిద్రించిరి. పాలవాని బాకీ, పిల్లవాని ఫీజు, అన్నగారితో తేల్చవలసిన పొలము సంగతి, ఏదైనను వివరముగా వ్రాయుడు. (పద్దు వ్రాయుట మన గృహిణులకు క్రొత్త కాదు.)

అప్పటికిని సుమారు 20 నిమిషములు నిద్ర రానిచో లేచి, మసక వెలుతురున కూర్చుండి, కునుకు వచ్చినప్పుడే మరల పడుకొనుడు. గడియారము చూడవద్దు. రాత్రి ఎట్లు గడచినను ఉదయము లేచు వేళ మార్చవద్దు. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగిన నిద్రలేమి దీర్ఘవ్యాధియే. అంతవరకు ఆగక వైద్యుని చూడుడు. మనస్సు మరీ కలత చెందినచో, ఏ వేళనైనను 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.