మాట ఎవరు తప్పారో ముందు తేల్చండి

గరివిడి



మన చుట్టుపక్కల కాలేజీల్లో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరినవాళ్ళు పండక్కి ఊరొచ్చినప్పుడల్లా నన్నడిగేది ఇంచుమించు ఒకటే: "లైబ్రరీ అప్‌డేట్ అయింది తాతగారూ. నా ఇంటెల్ లాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాసవుతున్నాయి. ఆర్మ్ ప్రాసెసరున్న సర్వర్ మీదే ఫెయిలవుతున్నాయి. అక్కడ వాటిని స్కిప్ చేసేస్తే ఏటవుతాది?"

ఆ రోజుకి ఏమీ అవదు. తర్వాతెప్పుడో అదే తప్పు ఎవరి జీతం లెక్కలోనో బయటపడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక పాత సంగతి చెబుతాను. 2010 చివర్లో ఫెడోరా 14 అనే లినక్స్ వాడినవాళ్ళలో కొందరికి ఫ్లాష్ ప్లేయర్‌లో పాట పెడితే గరగర వినిపించేది. ఫ్లాష్‌ని ఎవరూ ముట్టుకోలేదు. మారింది కింద ఉన్న జీలిబ్‌సీ లైబ్రరీ. మెమరీలో ఒకచోటి సరుకుని ఇంకోచోటికి కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌ని అందులో వేగంగా తిరగరాశారు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ప్రాసెసర్‌ని చూసి దానికి తగిన కాపీ పద్ధతిని లైబ్రరీయే ఎంచుకుంటుంది. కొన్ని ఇంటెల్ చిప్పుల మీద ఆ కొత్త పద్ధతి చివరినుంచి మొదటికి కాపీ చేసేది.

దాంతో ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. ఐదు గళ్ళలో అ, ఆ, ఇ, ఈ, ఉ ఉన్నాయి. చివరి నాలుగింటినీ ఒక గడి ఎడమకి జరపాలి. మొదటినుంచి ఒక్కొక్కటే కాపీ చేస్తే ఆ, ఇ, ఈ, ఉ, ఉ వస్తుంది. సరిగ్గానే ఉంది. చివరినుంచి మొదలుపెడితే ముందు 'ఈ' మీద 'ఉ' పడుతుంది, తర్వాత 'ఇ' మీద ఇప్పుడే పడిన 'ఉ' పడుతుంది, ఆఖరికి ఐదు గళ్ళలోనూ ఉ మిగులుతుంది. పాట గరగరలాడక ఏం చేస్తుంది?

మెమ్‌కాపీకి ఇచ్చే రెండు చోట్లూ ఒకదాని మీదొకటి పడకూడదని మాన్యువల్లో మొదటినుంచీ ఉంది. అలా పడే అవకాశం ఉంటే మెమ్‌మూవ్ వాడమనీ ఉంది. అంటే లైబ్రరీ మాట తప్పలేదు. ఇవ్వని మాటని నమ్ముకుంది ఫ్లాష్. అయినా లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఊరుకోలేదు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం పాడైతే, వాడుకునేవాడికి మాన్యువల్ గొడవ ఎందుకని వాదించాడు. 2011లో జీలిబ్‌సీ 2.14 రాజీ కుదిర్చింది: పాత ప్రోగ్రాములకి మెమ్‌మూవ్ లాంటి భద్రమైన పద్ధతి, కొత్తగా లింక్ చేసినవాటికి కొత్త పద్ధతి.

ప్రతిసారీ లైబ్రరీదే ధర్మం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో "తెలుగు అక్షరంతో ఐఫోన్లు ఆగిపోతున్నాయి" అని పేపర్లు రాశాయి. మన 'జ్ఞా' మీద నింద పడింది. నిజానికి మనం రోజూ టైపు చేసే 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తొకటి వచ్చి, దాని వెనక దీర్ఘం వస్తేనే కూలేది. అలాంటి వరసల్లో బెంగాలీ, దేవనాగరి అక్షరాలూ ఫోన్లని కూల్చాయి. ఏ అక్షరాల వరస ఇచ్చినా ఫోన్ కూలకూడదు కదా! తప్పు ఆపిల్ కోర్ టెక్స్ట్ లైబ్రరీది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. కూల్చే వరసని ఒక్కో గుర్తూ విడదీసి చూసినవాళ్ళ వల్లే అక్షరం మీద నింద పోయింది.

మరి మీ టెస్టు సంగతి ఎలా తేల్చాలి? మన ఊరి ఫెర్రో అల్లాయ్స్ కొలిముల మధ్య పెరిగినవాళ్ళు మీరు. కొత్త లోడు ఖనిజం వచ్చాక లోహం తేడాగా వస్తే, ఖనిజమూ బొగ్గూ విద్యుత్తూ ఒకేసారి మార్చేసి చూడరు. ఇక్కడా అంతే. పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ, ఇంటెల్, ఆర్మ్. నాలుగు గళ్ళ పట్టిక గీసి, కంటైనర్లు పెట్టి నాలుగింటిలోనూ అదే టెస్టు నడపండి. ఆర్మ్ మీద పాత లైబ్రరీతోనూ ఫెయిలైతే అప్‌డేట్‌కి సంబంధం లేదు. అప్‌డేట్ అయిన రోజే కంపైలర్ కూడా మారిందేమో చూడండి. ఆర్మ్ మిషన్ లేకపోతే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌తో మొదలుపెట్టొచ్చు. థ్రెడ్ల తగాదాలు మాత్రం అందులో బయటపడకపోవచ్చు, వాటికి అసలు మిషనే కావాలి. తర్వాత టెస్టుని పది లైన్లకి కుదించండి. మెమ్‌కాపీకి ఇచ్చిన చోట్లు ఒకదాని మీదొకటి పడితే వాల్‌గ్రైండ్ అనే పరికరం చెబుతుంది; డీబగ్ సమాచారంతో కంపైల్ చేసి ఉంటే లైను నంబరుతో సహా.

ఇంటెల్, ఆర్మ్ తేడాల్లో ఎక్కువసార్లు దొరికే దొంగలు ఇద్దరు. ఒకడు 'కేర్' టైపు. అది రుణసంఖ్యలు పట్టుకోవాలా వద్దా అన్నది సీ భాష తేల్చలేదు. ఇంటెల్ మీద పట్టుకుంటుంది, ఆర్మ్ లినక్స్ మీద పట్టుకోదు. ఫైలు అయిపోయిందని వచ్చే మైనస్ ఒకటిని అందులో దాచి పోల్చారో, ఆర్మ్ మీద ఆ లూపు ఎప్పటికీ ఆగదు. రెండోవాడు దశాంశం. ఎక్స్ వర్గం లోంచి వై వర్గం తీసేస్తే, రెండూ సమానమైనప్పుడు సున్నా రావాలి. ఆర్మ్ మీద జీసీసీ గుణకారాన్నీ తీసివేతనీ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో కలిపేస్తే, రౌండింగ్ సర్దుబాటు ఒక వైపే జరిగి చిటికెడు శేషం మిగలొచ్చు. అది రుణమై, దానికి వర్గమూలం అడిగితే జవాబు సంఖ్యే కాదు. అలాంటిచోట టెస్టులో తేడా పరిమితిని పెంచేస్తే జబ్బు దాక్కుంటుంది, నయం కాదు.

కారణం దొరికాక సరిదిద్దిన లైను పక్కనే ఒక వాక్యం రాయండి: ఇక్కడ ఏ మాట నమ్ముకున్నాం, అది ఏ మాన్యువల్లో ఉంది. తప్పు లైబ్రరీదని తేలితే ఆ పది లైన్ల టెస్టునే వాళ్ళకి పంపండి. "నా దగ్గర నడుస్తోంది" అన్న మాట మాత్రం సాక్ష్యంగా ఎవరి ముందూ పెట్టకండి.

శుభం కోరే,
మీ ఊరి రిటైర్డ్ ఇంజనీరు తాత