ఒక్క సర్వర్ మీదే ఎందుకింత భారం?

ఫలితాలు వచ్చే రోజు, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజు వెబ్‌సైటు తెరుచుకోకపోవడం మన హాస్టల్ విద్యార్థులకు కొత్త కాదు. 'సర్వర్ డౌన్' అన్న మాట బడికి వెళ్ళని మన అమ్మానాన్నలకు కూడా నోటికి వచ్చేసింది. ఇంట్లో కంప్యూటరు, నెట్టు ఉన్నవాళ్ళు అర్ధరాత్రి లేచి మళ్ళీ ప్రయత్నిస్తారు. మనవాళ్ళు కూలి మానుకుని మండల కేంద్రానికి వచ్చి, నెట్ సెంటర్లో పడిగాపులు కాసి, సాయంత్రం బస్సుకు ఉత్త చేతులతో తిరిగి వెళ్తారు. అందుకే సర్వర్ల మీద భారాన్ని ఎలా పంచాలన్నది ఇంజనీర్ల గొడవ మాత్రమే కాదు, మన చదువుల గొడవ కూడా అని మేము అంటున్నాము.

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేము. ఇప్పుడు పీజీలో నెట్‌వర్కులు చదువుతున్నాము. చదివింది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం మా బాధ్యత.

మెస్సులో 200 మందికి ఒక్కరే అన్నం వడ్డిస్తే వరుస వరండా దాటుతుంది. నలుగురు నాలుగుచోట్ల వడ్డిస్తే కష్టం తగ్గుతుంది. కానీ ఎవరు ఎటు వెళ్ళాలో చెప్పేవారు లేకపోతే అందరూ మొదటి గిన్నె దగ్గరికే ఎగబడతారు. వెబ్ సర్వర్లూ అంతే. వచ్చినవాళ్ళను సర్వర్లకు పంచే దాన్ని 'లోడ్ బ్యాలెన్సర్' అంటారు. చాలాచోట్ల ఇది ఖరీదైన పెట్టె రూపంలో ఉండేది. 2001లో వచ్చిన హెచ్ఏప్రాక్సీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ ఖర్చును తగ్గించాయి.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్ ఇంకో దారి చూపింది. మామూలు స్విచ్ రెండు పనులు చేస్తుంది: ఎటు పంపాలో నిర్ణయించడం, పంపడం. ఈ పద్ధతిలో నిర్ణయించే పని 'కంట్రోలర్' అనే ప్రోగ్రాముకు వెళ్తుంది. స్విచ్ చెప్పినట్టు పంపుతుందంతే. ఆ రెండూ మాట్లాడుకోవడానికి ఓపెన్‌ఫ్లో అనే పద్ధతిని 2008లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నిక్ మెక్‌కియోన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ఏ సర్వర్ మీద ఎంత బరువుందో కంట్రోలర్ కనిపెడుతూ, దాన్నిబట్టి స్విచ్‌లోని నియమాలను మారుస్తూ ఉంటుంది.

ప్రతి కొత్త కనెక్షన్‌కూ కంట్రోలర్‌నే అడగాల్సి వస్తే, ఆ వరుస కాస్తా కంట్రోలర్ ముందు చేరదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2011లో ప్రిన్స్‌టన్‌కు చెందిన జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ బృందం దీనికి ఒక ఉపాయం చెప్పింది. వచ్చేవారి ఐపీ చిరునామాలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో నియమాన్ని ముందే స్విచ్‌లో పెట్టడం. అప్పుడు చాలామందికి కంట్రోలర్‌తో పనే పడదు. ఒక గుంపును ఇంకో సర్వర్‌కు మార్చినప్పుడు, పాత కనెక్షన్లు పాత సర్వర్‌తోనే ముగిసేలా చూడాలి. లేకపోతే సగం నింపిన దరఖాస్తు గంగలో కలుస్తుంది. కంట్రోలర్ ఒక్కటే ఉండి అది ఆగిపోతే మార్పులన్నీ ఆగిపోతాయి కాబట్టి రెండోది సిద్ధంగా ఉంచాలి.

ఏ పద్ధతైనా మంత్రదండం కాదు. వెనక డేటాబేస్ ఒక్కటే ఉండి అది కుంటుతుంటే, ముందు పది సర్వర్లు పెట్టినా ఫలితం ఉండదు. మా అభిప్రాయం సూటిగా ఇది: ప్రజలు వాడే వెబ్‌సైటును నడిపేవారు రద్దీ రోజు రాకముందే అంతమంది వస్తే ఏమవుతుందో పరీక్షించి చూడాలి. జిల్లాలవారీగా తేదీలు వేరుచేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. సర్వర్ మొరాయించిన రోజుకు బదులు గడువు దానంతటదే పెరగాలి. వరుసలో నిలబడ్డ మనిషిని అర్జీ పట్టుకుని తిరగమనడం అన్యాయం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఫైనలియర్ ప్రాజెక్టును బజారులో కొనకండి. మినీనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లైనక్స్ ఉన్న మామూలు కంప్యూటరులోనే ఒక స్విచ్, నాలుగు సర్వర్లు, పదిమంది వాడకందారులున్న నెట్‌వర్కును దానితో కట్టవచ్చు. కట్టి, ఒక సర్వర్‌ను మీరే ఆపేయండి. మిగిలిన మూడూ ఆ బరువు మోస్తాయో లేదో చూడండి. మోయకపోతే ఎందుకు మోయలేదో వెతకండి. కొన్న ప్రాజెక్టుకు మార్కులు పడవచ్చు గానీ, రేపు మన ఊరివాళ్ళు వాడే వెబ్‌సైటు మన చేతికే వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టేది ఇలా నేర్చుకున్న పనే.