ఉరి తీసిన చోట సెల్ఫీ

2025 నవంబర్ మొదటి వారంలో రాయ్‌పూర్‌లో ఉన్నాను. ఛత్తీస్‌గఢ్ ఏర్పడి 25 ఏళ్లు నిండిన సందర్భంగా రాజ్యోత్సవం జరుగుతోంది. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో ఉండే మా పిన్ని కొడుకు స్కూటీ మీద నన్ను ఊరంతా తిప్పాడు. తెలీబాంధా చెరువు గట్టు, ఘడీ చౌక్, లైట్లు చుట్టిన భవనాలు, ఎక్కడ చూసినా జనం.

రాత్రి జయస్తంభ్ చౌక్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. "అక్కా, వీర్ నారాయణ్ సింగ్‌ను ఉరి తీసింది ఇక్కడేనంట. సెల్ఫీ దిగుదామా?" అన్నాడు. ఎందుకు ఉరి తీశారని అడిగాను. "అంగ్రేజోళ్లతో కొట్లాడాడు కదా" అన్నాడు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. వాడి తప్పేం లేదు. వాడికి చెప్పింది అంతే.

చెప్పనిది చాలా ఉంది. నారాయణ్ సింగ్ సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ ఆదివాసీ. 1856 కరువులో జనం ఆకలితో అల్లాడుతుంటే ఒక వ్యాపారి కొట్లలో ధాన్యం నిల్వ ఉంది. ఆయన ఆ కొట్లు తెరిపించి గింజలు పంచాడు. వ్యాపారి ఫిర్యాదు చేస్తే కంపెనీ ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. 1857లో జైలు నుంచి తప్పించుకుని, మనుషుల్ని కూడగట్టి పోరాడి, మళ్లీ పట్టుబడ్డాడు. ఆ డిసెంబర్ 10న ఉరి తీశారు. అంటే ఈ కథ తెల్లదొరతో మొదలవలేదు, మనవాడే దాచిన ధాన్యంతో మొదలైంది. 'ధాన్ కా కటోరా' అని గర్వంగా చెప్పుకునే రాష్ట్రంలో, నేను తిరిగిన చోట్ల ఆ ముక్క ఎక్కడా కనిపించలేదు.

పేరుకు మాత్రం కొదవ లేదు. నవా రాయ్‌పూర్‌లో క్రికెట్ స్టేడియానికి ఆయన పేరే. ఆ నవంబర్ 1న ప్రధాని ప్రారంభించిన ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియానికీ ఆయన పేరే. ఆ మ్యూజియం రావడం మంచిదే. 1859లో సాల వృక్షాలను కాంట్రాక్టర్లు నరకకుండా అడ్డుకున్న దక్షిణ బస్తర్ కోయల తిరుగుబాటుకూ అందులో చోటు దక్కింది. కానీ 2021 అక్టోబర్‌లో హస్‌దేవ్ ఆదివాసులు బొగ్గు గనుల నుంచి తమ అడవిని కాపాడమంటూ దాదాపు 300 కిలోమీటర్లు నడిచి ఇదే రాయ్‌పూర్‌కు వచ్చారు. ఆ తర్వాత కూడా చెట్లు కూలుతూనే ఉన్నాయి. చెట్టు కోసం నాడు పోరాడినవాళ్లకు మ్యూజియం, నేడు పోరాడుతున్నవాళ్లకు 'అభివృద్ధి వ్యతిరేకులు' అన్న ముద్ర!

పండుగపూట జనాన్ని సంతోషంగా తిరగనివ్వక ఈ పాఠాలేమిటని అడగొచ్చు. రాయ్‌పూర్‌లో రైలెక్కితే కొన్ని గంటల్లో నాగ్‌పూర్. అక్కడ దీక్షాభూమికి లక్షల మంది వస్తారు. వాళ్లూ పిల్లాపాపలతో వస్తారు, ఫొటోలు దిగుతారు. తిరిగి వెళ్లేటప్పుడు చేతుల్లో పుస్తకాలుంటాయి. బాబాసాహెబ్ 1956లో అక్కడ ఏం చేశారో, ఎందుకు చేశారో తెలిసే వస్తారు. సంబరానికి చరిత్ర అడ్డం కాదని చూపించింది మన జనమే.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ రాజకీయాల్లో భక్తి పతనానికి దారి తీస్తుందని హెచ్చరించారు. కారణం చెప్పకుండా వీరుడికి దండ వేయించడం కూడా ఆ భక్తే. దానివల్ల ధాన్యం దాచేవాడికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఆ రాత్రి మేమూ సెల్ఫీ దిగాం. పక్కకు బండి ఆపి, ధాన్యం సంగతి వాడికి చెప్పాను. "మాకెవరూ చెప్పలేదక్కా" అన్నాడు. రాయ్‌పూర్ విశ్వవిద్యాలయాల్లోని మన విద్యార్థి మిత్రులకు నా విన్నపం ఒక్కటే. డిసెంబర్ 10న ఆ చౌక్‌కు దండతో పాటు ఒక కరపత్రం కూడా తీసుకెళ్లండి. ఆయన్ని ఎందుకు ఉరి తీశారో హిందీలో, ఛత్తీస్‌గఢీలో రాసి పంచండి. మా తమ్ముడి లాంటి వాళ్లుంటారు కాబట్టి తెలుగులోనూ రాయండి.