తప్పుసొమ్ము కోరే లేఖలు

మన భాషలో ‘తప్పు’ అనే మాటకు అపరాధమనే కాక జరిమానా అనే అర్థం కూడా ఉంది. సంతబొమ్మాళి వైపు, ఉద్దానం పల్లెలలో, కొబ్బరికాయలో జీడిపిక్కలో దొంగిలించి పట్టుబడినవాని చేత పెద్దలు ‘తప్పు కట్టించడం’ తాతలనాటి మాట. ఆ తీర్పులన్నీ ధర్మబద్ధమని నేననను. బలవంతుని మాటే చెల్లిన సందర్భాలు అనేకం. అయినప్పటికీ, సొమ్ము పోయినవాడే తీర్పరి కారాదన్న ఇంగితం అందులో ఉండేది.

ఆ ఇంగితం లోపించిన ఆచారమొకటి అమెరికాలో ఉంది. దానిని ‘సివిల్ డిమాండ్ లేఖ’ అంటారు. దుకాణంలో చిల్లర దొంగతనం చేశారన్న ఆరోపణపై పట్టుబడినవారికి, కొన్ని వారాల తరువాత, ఆ దుకాణం తరఫు న్యాయవాదుల నుంచి ఉత్తరం వస్తుంది. గడువులోగా ఇన్ని వందల డాలర్లు చెల్లించు, లేకుంటే దావా వేస్తామన్నది దాని సారాంశం. దీనికి ఆయా రాష్ట్రాల చట్టాలే ఊతం. కాలిఫోర్నియాలో 50 నుంచి 500 డాలర్ల వరకు, ఖర్చులు అదనంగా, కోరవచ్చు. వస్తువు చెక్కుచెదరక తిరిగి అరలోకి చేరినా సరే.

దొంగతనాన్ని నేను సమర్థించడం లేదు. వ్యాపారికి నష్టం కలిగితే వసూలు చేసుకునే హక్కు ఉండవలసిందే. నా అభ్యంతరమల్లా నేరం రుజువు కాకముందే, నష్టం లెక్క చూపకుండానే, భయాన్ని సొమ్ము చేసుకోవడం పట్ల. అలబామాలో స్వయంగా బిల్లు చేసుకునే యంత్రం మొరాయించి నింద పడిన ఒక మహిళపై కేసు కొట్టివేశారు. అయినా 200 డాలర్లు కట్టమని ఆమెకు లేఖలు వచ్చాయి. ఆమె ఎదురుదావా వేయగా 2021లో జ్యూరీ వాల్‌మార్ట్‌పై 21 లక్షల డాలర్ల పరిహారం విధించింది. ఇంగ్లండులోనూ 2012లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇటువంటి దావాను కొట్టివేసింది. కాపలా సిబ్బంది తమ రోజువారీ పనే చేశారు గనుక వారి జీతాన్ని నష్టంగా చూపడం చెల్లదన్నది.

ఇదంతా మనకెందుకంటారా? 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులు ఇటువంటి ఆరోపణపైనే అరెస్టయ్యారు. రెట్టింపు డబ్బు ఇస్తాము, వదలండని వారిలో ఒకరు వేడుకున్నట్లు పత్రికలు వ్రాశాయి. డబ్బు కడితే గండం గడుస్తుందన్న ఆ భ్రమకే ఈ లేఖలు గాలం వేస్తాయి. లేఖలో అడిగినది కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు. కట్టకపోవడం నేరమూ కాదు; దుకాణం దావా వేసుకోవచ్చు, అంతే. నిజంగా భయపడవలసినది కోర్టు వాయిదాకూ, వీసాకూ. దొంగతనం వంటి నేరాలు వీసా రద్దుకు దారితీయవచ్చని 2025 జూలైలో మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయమే హెచ్చరించింది. కనుక పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి వెళ్ళిన పిల్లలైనా, మరెవరైనా, ముందుగా వెచ్చించవలసిన డాలరు న్యాయవాదికే.

మన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. అయిదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తునో దాని విలువనో తిరిగి ఇస్తే, సమాజసేవ శిక్షగా విధించాలంటుంది. దీని ఆచరణలో లోపాలు ఉండవచ్చు. కానీ తప్పు ఎంతో నిర్ణయించేది న్యాయస్థానం, తప్పుసొమ్ము పుచ్చుకునేవాడు కాదు. నాకు సబబుగా తోచినది ఇదే. న్యాయశాస్త్రం తెలిసిన మిత్రులు విభేదిస్తే వినడానికి సిద్ధం.