క్లాడియోను అంత తేలిగ్గా వదిలేయొచ్చా?

హార్స్లీ హిల్స్ దిగువన మదనపల్లె, పుంగనూరు మొదలుకొని కుప్పం దాకా ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం జరిగితే 18 రోజులూ పండగే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆ రాత్రుల్లో ఆడే కథల్లో చాలావాటిని నడిపించేది మోసమే. సుభద్ర కోసం అర్జునుడు దొంగసన్యాసి వేషం కడితే జనం పగలబడి నవ్వుతారు. భీముడు చీర కట్టుకుని కీచకుడి కోసం కాచుకుంటే ఈలలు వేస్తారు. శకుని పాచికలు వేసిన రాత్రి మాత్రం ఆ నవ్వు ఉండదు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. మూడూ మోసాలే అయినా జనం వాటిని ఒకే గాటన కట్టరు. ఎవరు ఎవరిని బురిడీ కొట్టించారన్నది కాదు, చివరికి నలుగురిలో తలవంచుకోవాల్సి వచ్చిందెవరన్నదే వాళ్లు చూసేది. ప్రేమ, చమత్కారం, మోసం కలగలిసిన ఏ ప్రహసనాన్నైనా తూచడానికి ఇంతకన్నా మంచి తూకం లేదని నా అభిప్రాయం.

ఆ తూకంలో షేక్స్‌పియర్‌ను పెట్టి చూద్దాం. 1600లో అచ్చయిన ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బియాట్రిస్, బెనెడిక్ ఎదురుపడితే చాలు, మాటకు మాట విసురుకుంటారు. ఇద్దరూ పెళ్లి మాటెత్తితే మండిపడే రకం. వాళ్లను కలపాలని స్నేహితులు ఒక పన్నాగం పన్నుతారు. బెనెడిక్ తోటలో పొంచి వింటున్నాడని తెలిసే, బియాట్రిస్ అతని మీద ప్రాణాలు పెట్టుకుందని గట్టిగా చెప్పుకుంటారు. బియాట్రిస్ చెవిన కూడా అలాంటి మాటే పడేస్తారు. ఇది కృష్ణుడు సుభద్రార్జునులను కలపడానికి ఆడించిన నాటకం లాంటిదే. ఇందులో ఎవరి పరువూ పోదు, లోపల దాచుకున్న ప్రేమే బయటపడుతుంది. అదే నాటకంలో డాన్ జాన్ అనే దుష్టుడు మరో మోసం చేస్తాడు. హీరో అనే అమ్మాయి గదిలో రాత్రివేళ పరాయి మగాడున్నట్టు, ఆమె దాసిని అడ్డం పెట్టుకుని, కాబోయే పెళ్లికొడుకు క్లాడియోకు భ్రమ కల్పిస్తాడు. క్లాడియో ఆమెను ఒక్క మాట అడగడు. పెళ్లిపీటల దాకా ఆగి, చర్చిలో అందరి ముందూ ఆమె శీలం మీద బురద చల్లుతాడు. కన్నతండ్రి కూడా ఆ మాటే నమ్మి, కూతురు చచ్చిపోతే బాగుండుననుకుంటాడు. కురుసభకూ ఆ చర్చికీ నాకు తేడా కనిపించడం లేదు. ఆమె చనిపోయిందని నమ్మిన క్లాడియో, నిజం తేలాక ఆమె సమాధి దగ్గర సంతాపం చెబుతాడు, మేలిముసుగు వేసుకొచ్చిన అమ్మాయి చేయి పట్టుకుంటాడు, ముసుగు తీస్తే ఆమె హీరోయే. అంతటితో పెళ్లి, ఆట, పాట. ఆ అమ్మాయి గుండెలో ఏముందో అడిగే దిక్కే లేదు.

నాలుగు శతాబ్దాల నాటి నాటకాన్ని నేటి విలువలతో కొలవడం అన్యాయమని కొందరంటారు. కానీ ఈ కొలత నేటిది కాదు, నాటకంలోనే ఉంది. చర్చి నుంచి అందరూ వెళ్లాక, తనను ప్రేమిస్తున్నానన్న బెనెడిక్‌ను బియాట్రిస్ కోరే మొదటి కోరిక క్లాడియోను చంపమనే. అతను మొదట కాదంటాడు, ఆ తర్వాత స్నేహితుడికి సవాలు విసురుతాడు. అంటే ఆ అన్యాయం షేక్స్‌పియర్‌కు తెలుసు. తెలిసీ చివరి అంకంలో దాన్ని సర్దేశాడు. ప్రహసనం పెళ్లితోనే ముగియాలి కదా అన్నది ఇంకో వాదన. గురజాడ ‘కన్యాశుల్కం’ దీనికి జవాబు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. అంతకన్నా పెద్ద మోసం మన నాటకాల్లో అరుదు. అయినా ఏ ఆడపిల్లా తలవంచుకోదు, లుబ్ధావధాన్లుకు అమ్ముడుపోవాల్సిన పసిపిల్ల సుబ్బికి గొంతు కోత తప్పుతుంది. చివర్లో వకీలు సౌజన్యారావు ముందు వేశ్య మధురవాణి బయటపడి మాయగాడు గిరీశం నిజస్వరూపం చెప్పాక, వాడు పెళ్లాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మ వాడికి దక్కదు. పెళ్లి లేకుండానే నాటకం నిండుగా ముగుస్తుంది. ఇక భారతం భక్తితో చూసేది, దాన్ని నవ్వులాటతో పోల్చొద్దనే మాట. వీధినాటకంలో తెల్లవారేదాకా జనాన్ని నిద్రపోనివ్వనిది హాస్యగాడేనని ఒక్క రాత్రి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. భక్తీ నవ్వూ అక్కడ ఏనాడూ తగువులాడుకోలేదు.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోవద్దు. ఒక ఫొటో మార్చి, ఒక పుకారు లేపి ఆడపిల్ల పరువు తీసేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. విచారించకుండా నమ్మేసే క్లాడియోలు అంతకన్నా ఎక్కువమంది. భారతం చివరిరోజున మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ పగిలాకే ద్రౌపది వేషగాడు జుట్టు ముడుస్తాడు. అవమానానికి లెక్క తేలాలన్నది అక్కడి న్యాయం. హీరోకు ప్రతీకారం అక్కర్లేదు గానీ, క్లాడియో చేయి అందుకునే ముందు నలుగురిలో అతన్ని నిలదీసే అవకాశం ఉండాలి. ఆ అవకాశం మన దగ్గరే కల్పించవచ్చు. డబ్లిన్ నాటకోద్యమంలో పాలుపంచుకున్న జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ మదనపల్లెలో ఉంది.  కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండూ పూనుకుని, మన వీధినాటక కళాకారులతో, ఈ సీమ యాసలో ఈ నాటకాన్ని ఆడించాలి. చివరి రంగంలో హీరో నోరు విప్పి మాట్లాడేలా తిరగరాసి మరీ ఆడించాలి.