కుక్కగారికి ప్రవేశం లేదు

"ఎంతమంది కొంపలు మునిగిన కథ! నవ్వులాటలా ఉందా వాళ్ళకి?" అంది మా వదిన, సినిమా అయీ అవకుండానే. నేను మాత్రం ఒప్పుకోను గాక ఒప్పుకోను.

సినిమా పేరు ‘స్మగ్లింగ్ హెండ్రిక్స్’. మారియోస్ పిపెరిదీస్ 2018లో తీశాడు. ఊరు సైప్రస్ రాజధాని నికోసియా. అక్కడ గ్రీకువాళ్ళకీ టర్కులకీ కొట్లాటలు ముదిరితే, 1963 డిసెంబర్‌లో ఒక బ్రిటిష్ సైనికాధికారి మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు. 1974లో టర్కీ సైన్యం దిగాక ఆ గీతే దీవి పొడుగునా ముళ్ళకంచె అయి కూర్చుంది. గ్రీకులు దక్షిణానికీ, టర్కులు ఉత్తరానికీ మూటాముల్లె సర్దుకున్నారు. 2003 దాకా మామూలు మనుషులకి రాకపోకలే లేవనుకోండి.

ఇప్పుడు కాగితం చూపిస్తే మనిషి దాటచ్చు. మరి యానిస్ పెంచుకున్న కుక్క జిమీ? దానికి గీతేమిటి, కాగితమేమిటి! తప్పించుకుని ఉత్తరానికి పరుగెత్తింది. వెళ్ళడం వెళ్ళింది గానీ, తిరిగి రావడానికి వీల్లేదట! అవతల నుంచి జంతువుల్ని తేకూడదని రూలు. నిన్నటిదాకా ఇంటి కుక్క, ఇవాళ పరదేశి!

నవ్వక ఏం చెయ్యమంటారు? ఏడిస్తే కౌంటరు వెనకాల గుమాస్తా ఇంకో ఫారం ఇస్తాడు. కన్నీళ్ళు చూడ్డం రూల్సుకి అలవాటే. నవ్వితేనే వాటికి కాస్త సిగ్గు.

అసలు సంగతి వేరే ఉంది. కుక్కని దాటించడానికి యానిస్‌కి సాయంపట్టేవాడు హసన్. టర్కీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఉంటున్నది ఎక్కడనుకున్నారు? ఒకప్పుడు యానిస్ వాళ్ళున్న ఇంట్లోనే! వాకిలి ఊడ్చి, దీపం పెట్టి, పిల్లల్ని పెంచుకున్నది ఇల్లవుతుందా? రిజిస్టరులో పేరున్నది ఇల్లవుతుందా? ఈ ప్రశ్న సూటిగా వేస్తే కర్రలు లేస్తాయి. కుక్క వంకతో వేశాడు కనకే ఇద్దరి గోడూ కూర్చుని విన్నాం.

పైగా తీసినవాడు ఆ దీవి మనిషే. తన పుండు చూసి తను నవ్వుకోడానికి కూడా మన స్టాంపు కావాలా? ఆయన నవ్వింది ఇల్లు పోయినవాళ్ళని చూసి కాదు, కుక్కని సైతం ఆపి కూర్చున్న ఆ గీతని చూసి.

ఇదంతా వదినకి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. విననట్టే దుప్పట్లు మడతపెట్టుకుంది. లైటు ఆర్పాక చీకట్లోంచి మెల్లిగా అంది:

"ఇంతకీ ఆ ఇల్లు ఎవరిదంటావమ్మాయ్?"